తుప్పు పట్టిన తోట

కిన్వట్ తాలూకా ఇస్లాపూర్ వైపు పొలం గట్ల మీది నల్లతుమ్మను ఎరగనివారుండరు. దాని చెక్కతో తోళ్లు పదును చేస్తారని పెద్దలకు తెలుసు. ఆ తుమ్మకు ఆస్ట్రేలియాలో ఒక దాయాది ఉంది, నల్ల వాటిల్. సముద్రం దాటి పరాయి నేలను ఏలి, చివరికి తుప్పు తెగులు బారిన పడిన చెట్టది.

1864లో జాన్ వాండర్‌ప్లాంక్ అనే వలసదారు దాని గింజలను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు తెచ్చి, క్యాంపర్‌డౌన్ దగ్గర నాటాడు. నీడకూ, పొయ్యిలోకి కట్టెకూ పనికొస్తుందనుకున్నారు. బెరడులో ఉన్న, తోళ్లను పదును చేసే టానిన్ విలువ తెలిశాక 1880లలో ఆ బెరడు ఓడలెక్కింది. పచ్చిక కొండలు బారులు తీరిన తోటలయ్యాయి.

అప్పటికే అక్కడ మనవాళ్లున్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు, 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు గిరిమిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లారు. విశాఖ, గంజాం, చిత్తూరు వైపుల నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. చెరకు తోటల కష్టమే మనం చెప్పుకుంటాం గాని, వాటిల్ తోటల్లోనూ గిరిమిట్ కూలీల చెమట పడింది. పదేళ్ల చెట్టును నరికి, పచ్చి ఆరకముందే గాటు పెట్టి, బెరడును పేలికలుగా ఊడలాగి, ఎండబెట్టి కట్టలు కట్టాలి. విధి చూడండి, ఆ బెరడే మళ్లీ మద్రాసు తోళ్ల శాలలకు వచ్చి మన తంగేడు చెక్కను పక్కకు నెట్టింది. 1946లో జాతివివక్షకు నిరసనగా భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది.

అక్కడ మాత్రం వాటిల్ వైభవం తగ్గలేదు. 1947లో పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఈ ఒక్క చెట్టు కోసమే పరిశోధన సంస్థ పెట్టారు. బెరడు తోలుకు, మాను ముక్కలై జపాను కాగితానికి. జులూ రైతు ఇంటి వెనక నాలుగు వాటిల్ చెట్లుంటే పొయ్యికి కట్టే, చేతికి కాసిని డబ్బులూ.

1988లో ఆకుల మీద చిన్న మచ్చలు కనిపించాయి. అప్పట్లో అది పెద్ద జబ్బనిపించుకోలేదు. పాతికేళ్లు అలా అణిగి ఉన్న శిలీంద్రం 2013లో విరుచుకుపడింది. ఆకు మీద, కాడ మీద, కాయ మీద, చివరికి మాను మీద కూడా గోధుమరంగు పొడి లేచింది. చిగుళ్లు మెలితిరిగాయి. ఆకులు రాలాయి. మాను బంక కార్చింది. నారుమొక్కలు తలల నుంచి ఎండుతూ వచ్చాయి. శాస్త్రవేత్తలు డీఎన్ఏ చూసి దాన్ని యూరోమైక్లేడియం అకేసియేగా తేల్చారు. ఇదీ ఆస్ట్రేలియా సంతతే. చెట్టు వచ్చిన దాదాపు నూటయాభై ఏళ్లకు, వెతుక్కుంటూ వచ్చిన పుట్టింటి శత్రువు దాన్ని దెబ్బ కొట్టింది.

అందరూ ఏడ్చారని చెప్పలేను. తోట దాటి వాగుల వెంట పాకి, నీళ్లు పీల్చేసే కలుపుగా వాటిల్‌కు అక్కడ చెడ్డపేరుంది. మరో ఆస్ట్రేలియా తుమ్మను అణచడానికి 1987లో ఆ దేశమే ఇదే కుటుంబపు తుప్పును కోరి తెచ్చుకుంది. అయినా ఒకే చెట్టును కొండలకు కొండలు పరిచి, తెగులుకు విస్తరి వేసింది మనుషులే. ఆ తప్పు చెట్టు మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు లేత తోటలకు మందు కొట్టి కాపాడుకుంటున్నారు. కంపెనీలకు అది ఖర్చు లెక్క. ఎకరం వాటిల్ మీద బతికే రైతుకు ఆ మందు కొనే స్తోమత లేదు.