మా ఊరి కెప్టెన్

"మీది విజయనగరమా? అయితే విజ్జీ గారి ఊరన్నమాట!" అని మా ఆఫీసులో క్రికెట్ పిచ్చున్న ఒకాయన నవ్వాడు. గురజాడ ఊరు అంటారు, ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊరు అంటారు, ఈ విజ్జీ ఏంటి, ఆ నవ్వేంటి అనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే గానీ తెలియలేదు.

విజ్జీ అంటే మా పూసపాటి వారి రెండో కొడుకు, 1905లో పుట్టిన విజయానంద గజపతిరాజు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్. ఆడిన 3 టెస్టుల్లో మొత్తం 33 పరుగులు చేశాడు. మరి కెప్టెన్ ఎలా అయ్యాడంటే ఆటతో కాదు, డబ్బుతో, బోర్డులో పలుకుబడితో.

జట్టు మాత్రం తక్కువదేం కాదు. మర్చంట్, ముస్తాక్ అలీ, అమర్‌నాథ్, అమర్ సింగ్, నిస్సార్. వీళ్ళకి తోడు సి.కె.నాయుడు. నాగపూర్‌లో పుట్టినా మూలాలు మచిలీపట్నంవే. 1932లో మన తొలి టెస్టుకి కెప్టెన్ ఆయనే. ఇప్పుడు ఆయన మామూలు ఆటగాడు. అంటే జట్టులో తెలుగువాళ్ళున్నారు, జట్టు కూడా రెండు ముక్కలైంది. (మన సంఘాల సంగతి తెలిసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు లెండి.)

అమర్‌నాథ్ ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్ లోనూ సెంచరీలు కొట్టి ఊపు మీదున్నాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, కెప్టెన్ ఆయన్ని ఆపి వేరేవాళ్ళని ముందు పంపిస్తూ పోయాడు. సాయంత్రం డ్రెస్సింగ్ రూములో అమర్‌నాథ్ కోపం కట్టలు తెంచుకుంది. అది క్రమశిక్షణా రాహిత్యం అని, మొదటి టెస్టుకి ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు!

ఆ టెస్టులో అమర్ సింగ్ 35 పరుగులకే 6 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ని 134కి కూల్చాడు. మనకి 13 పరుగుల ఆధిక్యం కూడా వచ్చింది. తీరా రెండో ఇన్నింగ్స్‌లో 93కే ఆలౌట్. 9 వికెట్లతో ఓడాం. ఫామ్‌లో ఉన్నవాడేమో సముద్రం మీద ఉన్నాడు.

మాంచెస్టర్ టెస్టు గురించి ఒక కథ చెప్తారు. మర్చంట్‌ని రనౌట్ చేయిస్తే బంగారు వాచీ ఇస్తానని విజ్జీ ముస్తాక్ అలీకి ఆశ పెట్టాడట. ముస్తాక్ ఆ మాట తిన్నగా మర్చంట్‌కే చెప్పేశాడట. వాచీ సంగతి ఎలా ఉన్నా స్కోరు మాత్రం చరిత్ర. తొలి వికెట్‌కి 203 పరుగులు, ఇద్దరివీ సెంచరీలు, టెస్టు డ్రా. మిగతా జట్టు ఎలా ఏడ్చినా ఇద్దరు మనుషులు ఒకరినొకరు నమ్మితే ఎంత పని జరుగుతుందో చూడండి.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బ్యూమాంట్ అధ్యక్షతన వేసిన కమిటీ 1937లో నివేదిక ఇచ్చింది. ఫీల్డింగ్ ఎలా పెట్టాలో, బౌలర్లని ఎప్పుడు మార్చాలో కెప్టెన్‌కి తెలీదని, స్థిరమైన బ్యాటింగ్ ఆర్డరే పెట్టలేదని తేల్చింది.

విజ్జీని ఉత్త విలన్‌ని చెయ్యడం కూడా అన్యాయమే. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి దిగ్గజాల్ని సొంత ఖర్చుతో ఇక్కడికి రప్పించి ఆడించినవాడు ఆయనే. ఆటకి పోషకుడుగా ఉండుంటే దణ్ణం పెట్టేవాళ్ళం. పోషకుడికీ కెప్టెన్‌కీ తేడా తెలియకపోవడమే కొంప ముంచింది.

ఇదంతా చదివి మొదట నా పాత మేనేజర్లందరినీ తలుచుకుని నవ్వుకున్నాను. క్లయింటు దగ్గర పలుకుబడితో లీడ్ అయినవాళ్ళని మనం చూడలేదా! కానీ బ్యాటింగ్ ఆర్డర్ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. నేను కొత్తగా లీడ్ అయినప్పుడు, నా డిజైన్ తప్పని మీటింగులో అందరి ముందూ చెప్పిన కుర్రాడి మాడ్యూల్ మర్నాడే మార్చేశాను. తర్వాత మళ్ళీ మార్చాను. పైకి మాత్రం 'ప్రాజెక్టు అవసరం' అన్నాను. మూడు నెలలకి వాడు పేపర్లు పెట్టేశాడు. రిలీజు రోజు రాత్రి వాడి కోడు అర్థం కాక మేం తెల్లార్లూ కూర్చున్నాం. వాడి డిజైనే కరెక్టని కూడా ఆ రాత్రే తెలిసింది.

విజ్జీ మీద కనీసం ఒక కమిటీ వేశారు. నా మీద ఎవరూ వెయ్యలేదు, అంతే తేడా.

1947లో స్వతంత్ర భారత తొలి జట్టు ఆస్ట్రేలియా వెళ్ళింది. దానికి కెప్టెన్ ఎవరో తెలుసా? ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న ఆ అమర్‌నాథే.