రాక్షసి బొగ్గు

లండన్‌లో రైలెక్కి నాటింగ్‌హామ్ వైపు వస్తుంటే, ఇంకాసేపట్లో ఇల్లు చేరతామనగా కిటికీ పక్కన ఎనిమిది కాంక్రీటు గోపురాలు కనిపిస్తాయి. బుడబుక్కలవాడి ఢక్కని నిలబెట్టినట్టు, నడుము దగ్గర సన్నగా, పైనా కిందా వెడల్పుగా ఉంటాయి. రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ విద్యుత్ కేంద్రం అది. వాటి నెత్తిమీద తెల్లటి మేఘం కనిపిస్తే ఇల్లు దగ్గరపడ్డట్టే మాకు. 2024 సెప్టెంబరు 30న ఆ మేఘం ఆగిపోయింది. బ్రిటన్‌లో బొగ్గుతో కరెంటు తీసిన ఆఖరి కేంద్రం అదే.

ఆ సాయంత్రం టీవీలో ఆ గోపురాలు చూపిస్తుంటే మా అమ్మాయి అడిగింది, "తాతయ్య తవ్వింది కూడా ఇదేనా?" అని. అవునన్నాను. "మరి అది చెడ్డ పని కదా?" అంది. పిల్లకి పదకొండేళ్ళు. వాళ్ళ బడిలో గ్రీన్‌హౌస్ వాయువుల పాఠం అప్పుడే అయింది. నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇది ఆ జవాబు కోసం చదివిందీ, ఆలోచించిందీ.

మాది ఇల్లందు. పాతవాళ్ళు బొగ్గుట్ట అంటారు. నాన్న తట్టా చెమ్మస్‌తో మొదలుపెట్టి ముప్పై ఏళ్ళకు పైగా బాయిలో పనిచేశాడు. నేను చదివిన చదువూ, ఈ దేశానికి ఎక్కిన విమానమూ ఆ బొగ్గు పెట్టిన భిక్షే.

ముందు ఒక చిన్న విషయం. వాతావరణ మార్పు గురించి పత్రికలు వార్త వేస్తే పక్కన తప్పకుండా ఆ గోపురాల బొమ్మే వేస్తాయి. కానీ వాటిలోంచి వచ్చేది పొగ కాదు, నీటి ఆవిరి. అసలు వాయువు పోయేది పక్కనున్న 199 మీటర్ల పొగగొట్టంలోంచి. కార్బన్ డయాక్సైడుకు రంగు లేదు, ఫోటోకు దొరకదు. ఈ కథంతా అక్కడే ఉందనిపిస్తుంది నాకు. కంటికి కనిపించిన దానితో మనుషులు పోట్లాడారు, కనిపించనిది పేరుకుపోయింది.

పోట్లాట కొత్తది కాదు. 1661లోనే జాన్ ఎవలిన్ లండన్ బొగ్గు పొగ మీద 'ఫ్యూమిఫ్యూజియం' అని ఒక పుస్తకమే రాసి రాజుకు ఇచ్చాడు. అడవులు తరిగి, కట్టెల ధర పెరిగి, న్యూకాసిల్ నుంచి ఓడల్లో వచ్చే బొగ్గు చవకగా దొరికేసరికి నగరం దానికి అలవాటుపడింది. తవ్వేకొద్దీ గనుల్లో నీళ్ళూరేవి. ఆ నీళ్ళు తోడడానికి 1712లో థామస్ న్యూకమెన్ డడ్లీ దగ్గర ఆవిరి యంత్రం పెట్టాడు. అది బకాసురుడిలా బొగ్గు తినేది. గని గట్టునే ఉంది కాబట్టి చెల్లింది. బొగ్గు తవ్వడానికి బొగ్గు కాల్చడం అలా మొదలైంది. తరవాత జేమ్స్ వాట్ వచ్చి తక్కువ తినే యంత్రం చేశాడు. పొదుపు చేస్తే వాడకం తగ్గాలి కదా? తగ్గలేదు. యంత్రం చవకయ్యేసరికి మిల్లుకొకటి, రైలుకొకటి అయింది. ఈ చిక్కుని 1865లో జెవన్స్ 'ది కోల్ క్వశ్చన్' పుస్తకంలో పట్టుకున్నాడు. పొదుపైన యంత్రం బొగ్గు వాడకాన్ని పెంచుతుందన్నాడు. 1850 ప్రాంతంలో ప్రపంచం మొత్తం బొగ్గు కాల్చి వదిలిన కార్బన్ డయాక్సైడులో సగానికి పైగా ఈ ఒక్క చిన్న ద్వీపానిదే.

1882 జనవరిలో లండన్ హోబన్ వయాడక్ట్ దగ్గర ఎడిసన్ కంపెనీ బొగ్గుతో కరెంటు తీసి వీధి దీపాలు వెలిగించింది. ప్రజలకు కరెంటిచ్చిన మొదటి బొగ్గు కేంద్రం అది. నష్టాలొచ్చి 1886లో మూతపడింది. విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ 1886లోనే ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ మా ఇల్లందు బొగ్గు తవ్వే హక్కులు తీసుకుంది. భద్రాచలం వెళ్ళే యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్ళు అంటుకుంటే బొగ్గు సంగతి బయటపడిందని మా వైపు చెబుతారు. రికార్డుల్లో మాత్రం 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని ఉంటుంది. నాకు పొయ్యిరాళ్ళ కథే ఇష్టం. సింగరేణి కాలరీస్ అన్న పేరు 1920లో వచ్చింది.

ఇక ఈ కనిపించని వాయువు సంగతి ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడున్న గొట్టం ఎక్కువ వేడెక్కిందని రాసింది. మూడేళ్ళకు టిండాల్, 1896లో అర్హీనియస్ ఆ దారిలో ముందుకు వెళ్ళారు. నాకు వీళ్ళందరికంటే దగ్గరగా అనిపించేవాడు గై కాలండర్. శాస్త్రవేత్త కూడా కాదు, ఆవిరి యంత్రాల ఇంజనీరు. పని అయ్యాక ఇంట్లో కూర్చుని, ప్రపంచంలోని 147 వాతావరణ కేంద్రాల ఉష్ణోగ్రతలు పోగేసి చేత్తో లెక్కలు వేశాడు. గత యాభై ఏళ్ళలో భూమి వేడెక్కింది, బొగ్గు కాల్చడం దానికొక కారణం అని 1938లో రాయల్ మెటియరలాజికల్ సొసైటీ ముందు పెట్టాడు. పెద్దలు నమ్మలేదు. అయితే కాలండర్ కూడా దీన్ని ప్రమాదం అనుకోలేదు. చలి దేశాలకు మంచిదే, మంచు యుగం మళ్ళీ రాకుండా ఉంటుందనుకున్నాడు. ఇంగ్లండు చలికాలం చూసినవాణ్ణి, ఆ మాటకు ఆయన్ని తప్పుపట్టలేను.

1952 డిసెంబరులో లండన్ మీద అయిదు రోజులు పొగమంచు కమ్మింది. నాలుగు వేల మంది పోయారని అప్పుడన్నారు, తరవాతి లెక్కలు పన్నెండు వేల దాకా చెబుతాయి. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. ఇళ్ళలో పొగ బొగ్గు తగ్గింది, గాలి శుభ్రపడింది, నిజమే. కానీ బొగ్గు కాల్చడం ఆగలేదు, ఊరి బయటికి వెళ్ళిందంతే. ట్రెంట్ నది వెంబడి గనుల దగ్గరే పెద్ద పెద్ద కేంద్రాలు కట్టారు. పొగ చెదిరిపోవాలని గొట్టాలు ఎత్తుగా లేపారు. 1960లలో కట్టిన రాట్‌క్లిఫ్ వాటిలో ఒకటి. పొగ ఇక్కడివాళ్ళకు కనబడలేదు గానీ, అందులోని గంధకం స్కాండినేవియా చెరువుల్లో ఆమ్ల వర్షమై కురిసింది. కార్బన్ డయాక్సైడుకైతే గొట్టం ఎంత ఎత్తున్నా ఒకటే. కిలో కార్బన్ కాలితే గాలిలోని ఆక్సిజన్ కలిసి మూడున్నర కిలోలకు పైగా వాయువవుతుంది. 1958లో హవాయిలో కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకు 313 ఉండేది. పరిశ్రమలకు ముందు 280. ఇప్పుడు 420 దాటింది.

1882 నుంచి 2024 దాకా బ్రిటన్ విద్యుత్ కేంద్రాలు 460 కోట్ల టన్నుల బొగ్గు కాల్చి, వెయ్యి కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడు వదిలాయని లెక్క. మిల్లులు, రైళ్ళు, ఇళ్ళలో మంటలు ఇందులో లేవు. చరిత్ర మొత్తంలో బొగ్గు, చమురు, గ్యాసు వదిలిన వాయువులో బ్రిటన్ వాటా ఇప్పటికీ భారతదేశం వాటాకంటే ఎక్కువే. జనాభా చూస్తే మనం ఇరవై రెట్లు. అలాగని మన బొగ్గు పుణ్యం చేసుకున్నదేమీ కాదు. మన కరెంటులో మూడొంతులు నేటికీ బొగ్గుదే, గాలికి ఎవరి బొగ్గైనా ఒకటే. పిల్లకి రెండూ చెప్పాను. మొదటిది చెబుతున్నప్పుడు నా గొంతు పెరిగింది, రెండోది చెబుతున్నప్పుడు తగ్గింది. అది గమనించి నవ్వింది.

ఆ ఆదివారం నాన్నకు ఫోన్ చేసి రాట్‌క్లిఫ్ మూసేశారని చెప్పాను. దగ్గు ఆగేదాకా ఆగి, "మరి అండ్ల పనిచేసెటోళ్ళని ఏం జేసిన్రు?" అని అడిగాడు. నూట డెబ్బై మంది దాకా ఉన్నారట, కొందర్ని రెండేళ్ళ పాటు విప్పదీసే పనికి ఉంచుకున్నారట అన్నాను.

"విప్పేది గుడ పనే గదా," అన్నాడు. తరవాత మనవరాలికి ఫోన్ ఇమ్మన్నాడు.