ఇసుకలో ఓనమాలు

మన సీమలో నీటికి కఱవు గాని ఇసుకకు కఱవు లేదు. పెన్నలోను, చిత్రావతిలోను ఏడాదిలో పెక్కు మాసములు కనబడునది ఇసుకయే. ఆ ఇసుకమీదనే మన తాతముత్తాతలు ఓనమాలు దిద్దిరి. వీధిబడి యనగానే నేటివారికి బెత్తము, కోదండము, గుంజిళ్లు మాత్రమే స్మరణకు వచ్చును. అవి లేవని నేననను. కాని పసిపిల్లలకు చదువుట నేర్పు విషయమున ఆ బడులలో చక్కని పద్ధతులు కొన్ని యుండెను. పెద్దలోపము కూడ ఒకటి యుండెను. ఈ రెంటికిని మన ప్రాంతమునకే చెందిన సాక్ష్యమొకటి కలదు. దానిని నేడు మీకు వినిపింపదలచితిని.

1822 జూన్ 25వ తేదీని చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో, జిల్లాలలో ఎన్ని బడులున్నవో, ఎందఱు చదువుచున్నారో తెలుపుడని ఉత్తరువు చేసెను. మన్రో మనకు క్రొత్తవాడు కాడు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండినవాడు. అనంతపురము ప్రత్యేకజిల్లా యైనది 1882లో; అంతకుముందు గుత్తి, పెనుకొండ, తాడిపత్రి, ధర్మవరము మున్నగునవి బళ్లారిజిల్లాలోనివి. ఆ జిల్లా కలెక్టరు ఎ. డి. కాంబెలు 1823 ఆగస్టు 17న ప్రత్యుత్తరము వ్రాసెను. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించిన భాషాభిమాని. అందుచేత అంకెలతో తృప్తిపడక బడిలోపలికి తొంగిచూచి వ్రాసెను.

అంకెలు ముందు చెప్పివేసెదను. జిల్లా జనసంఖ్య 9,27,857, బడులు 533. వానిలో తెలుగువి 226, కన్నడమువి 235. తక్కినవి మరాఠీ, పారసీకము, అరవము, ఇంగ్లీషు, సంస్కృతము చెప్పునవి. విద్యార్థులు మొత్తము 6,641 మంది. అందు బాలికలు 60 మంది మాత్రమే.

ఇక బడిలో జరుగునది వినుడు. బిడ్డకు అయిదవయేడు రాగానే అయ్యవారిని, బడిపిల్లలను ఇంటికి పిలిచి, విఘ్నేశ్వరుని ముందు కూర్చుండబెట్టి, బియ్యములో బిడ్డ వ్రేలు పట్టి వ్రాయించెడివారు. బడి ఉదయము ఆఱుగంటలకే మొదలు. అందఱికంటె ముందువచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. తరువాతివాని సంగతి మీరే యూహించుకొనుడు. దెబ్బలమాట అటుంచుడు. ముందువచ్చిన పిల్లవాడు ఒక మాటను చేతిలో మోసికొని ఇంటికి పోవుచుండెను. తల్లికి చూపును, చెల్లెలికి చూపును. అంతకంటె మంచి వాచకము నాకు తోచదు.

అక్షరములను బాలురు నోటితో వల్లించి కాక, ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుచుండిరని కాంబెలు చెప్పెను. వ్రేలు కుదిరిన తరువాత బొగ్గుపొడి పూసిన కొయ్యపలక. లేదా గంజిపెట్టి మడతలు వేసి, బొగ్గును జిగురును పట్టించిన గుడ్డపుస్తకము, అనగా కడితము. బలపముతో వ్రాయుట, తడిగుడ్డతో తుడుచుట. తాటాకు, గంటము పిమ్మట వచ్చును. గుణింతములు ముగియగానే చదివించునవి మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు. ఈ క్రమమును గమనింపుడు. పిల్లవానికి తెలిసిన వస్తువే మొదట అక్షరరూపమున ఎదుటికి వచ్చుచున్నది. పై తరగతి బాలుడు క్రింది తరగతివానికి చెప్పవలెను. చెప్పుచు తన చదువును గట్టిచేసికొనవలెను. ఈ పద్ధతి ఇంగ్లండులో కూడ అనుకరింపబడినదని కాంబెలు మెచ్చుకొనెను. అది నిజము. చెన్నపట్టణములో సైనికుల అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్లు మలబారు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, దానిని తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో గ్రంథము ప్రకటించెను. అక్కడ దానికి మద్రాసుపద్ధతి యని పేరు.

లోపమెక్కడ? పేర్లు చదువుట దాటి గ్రంథములు పట్టినచోట. ఆ గ్రంథములు పద్యములు. వాని భాష ఇంటిభాష కాదు. అయ్యవారికే పెక్కుచోట్ల అర్థము తెలియదు. బాలుడు అసంఖ్యాకముగా పద్యములు అప్పగించును గాని వాని భావము చిలుకకు తెలిసినంతయే తెలియునని కాంబెలు నిష్ఠురముగా వ్రాసెను. నేను పండితశిక్షలో పెరిగినవాడను. అర్థము తెలియని వయసున కంఠస్థము చేసిన శ్లోకములు నాకు ముప్పది యేండ్లు దాటిన పిమ్మట అర్థమై మేలు చేసినవి. కావున ఆయన మాటను పూర్తిగా నొప్పుకొనను. అయినను నా తరగతిలో జరిగిన యొకటి చెప్పవలెను.

మూడవతరగతి పిల్లవాడొకడు పాఠమును తడబాటు లేక చదివెడివాడు. ఇనస్పెక్టరు వచ్చినపుడెల్ల వానినే లేపుచుంటిని. ఒకనాడు పాఠములో 'వర్షాభావము' అను మాట వచ్చెను. అర్థమేమిరా యంటిని. "వాన బాగా పడేది సార్" అనెను. భావము అను మాటను ఎక్కడనో వినియున్నాడు కాబోలు. ఆ యేడు వాని తండ్రి విత్తిన వేరుసెనగ మొలకలోనే ఎండిపోయినది. వానలేమి యేమిటో నాకంటె వానికే యెక్కువ తెలియును. ఆ మాట మాత్రము తెలియదు. మూడేండ్లుగా నేను వానికి నేర్పినది చదువుట కాదు, పలుకుట.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ సంగతినే నూఱేండ్లకు పూర్వము మొత్తుకొనిరి. మా పండితవర్గము ఆయనను ఎదిర్చినది. ఈ ప్రసంగమును సైతము గ్రాంథికముననే చదువుచున్నాను; అలవాటు వదలదు. కాని తరగతిలో మార్చుకొంటిని. మూలనొక యిసుకకుప్ప పోయించితిని. పేర్లతో మొదలుపెట్టితిని: పిల్లల పేర్లు, ఎద్దుల పేర్లు, బస్సుబోర్డుమీది ఊళ్ల పేర్లు. అయిదవతరగతి బాలికలను రెండవతరగతివారి ప్రక్కన కూర్చుండబెట్టితిని. చీటీలమీద "తలుపు మూయి", "కుండలో నీళ్లు చూసి రా" అని యింటిమాటలో వ్రాసి యిచ్చెడివాడను. పిల్లవాడు పైకి చదువరాదు. మనసులో చదివి ఆ పని చేయవలెను. చేసినపని చూచి తక్కినవారు చీటీలో నేమున్నదో చెప్పవలెను. అర్థము కానివాడు చీటీ పట్టుకొని నిలిచిపోవును, దాచుటకు వీలులేదు. వర్షాభావపు పిల్లవాడు మొదటివారము నిలిచిపోయినవారిలో నొకడు.

కాంబెలు మఱియొక కారణము చెప్పెను. అది పద్ధతులతో తీరునది కాదు. ఇంగ్లండు నూలుబట్టలచే నేతగాండ్ర బ్రతుకు చెడినది. దండ్లు దూరపు సరిహద్దులకు తరలగా ధాన్యమునకు గిరాకి తగ్గినది. పేదలు బిడ్డల లేతచేతులను పనికి పెట్టుకొనవలసి వచ్చినది. మునుపు బడులున్న పల్లెలు పెక్కింట అవి మూతపడినవి. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కఱవు సంగతి చెప్పనక్కఱలేదు. ఏడాదికి ఇరువదిరెండంగుళముల వాన, అదియు నమ్మకములేనిది. 2003లో రాష్ట్రమంతట బడులలో వండిన మధ్యాహ్నభోజనము ప్రారంభమైన పిమ్మట నా తరగతి కొంత నిండినది. అయినను పంట పోయిన యేడు బెంగళూరికి వలసపోవు కుటుంబములతో పిల్లలును పోవుచునేయుండిరి. ఆ పిల్లవాడును పోయెను.

మఱుసటి ఉగాదికి ఊరికి వచ్చి, నన్ను చూడవచ్చెను. వాని తల్లిదండ్రులు అక్కడ ఇటుకలు మోయుచుండిరి. వాడు బడికి పోలేదు. ఏమైనను చదువుచున్నావా యంటిని. "బోర్డులు చదువుతా సార్. కన్నడమంటారు గానీ, సగం అక్షరాలు మనవే" అనెను. తలకట్టు వేఱుగా నుండునని చెప్పి, వాకిట వంగి, నేలమీద వ్రేలితో వ్రాసి చూపెను.