భాష రాకపోయినా అర్థమయ్యే గొంతు

మా నాన్నకి హిందీ అంతంత మాత్రమే. అయినా జస్‌దేవ్ సింగ్ పేరెత్తితే చాలు, మొహం వెలిగిపోతుంది. "భాష రాకపోతేనేంరా, ఆయన గొంతు లేస్తే బంతి గోల్ దగ్గరికొచ్చిందని తెలిసిపోయేది" అంటారు.

అసలు ఎవరీయన? ఉర్దూలో చదువుకుని హిందీ కామెంటరీకి పేరు తెచ్చిన సర్దార్జీ. 1948లో గాంధీజీ అంతిమయాత్రని మెల్విల్ డి మెలో రేడియోలో గంటల తరబడి వర్ణిస్తుంటే విని, తనూ అదే పని చెయ్యాలనుకున్నారట. 1955లో జైపూర్ ఆకాశవాణిలో చేరారు. తర్వాత తొమ్మిది ఒలింపిక్స్, ఎనిమిది హాకీ ప్రపంచకప్పులు!

అన్నిట్లోకీ 1975 మార్చి 15, కౌలాలంపూర్ ఫైనల్ వేరు. ముందు పాకిస్తాన్ గోల్ కొట్టింది. సుర్జీత్ సింగ్ సమం చేశాడు. తర్వాత ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన బంతి పోస్టుకి తగిలి బయటికొచ్చింది. గోల్ కాదని పాకిస్తాన్ గొడవ, గోలేనని అంపైర్. 2-1తో కప్పు మనది.

ఇప్పుడైతే పది కోణాల్లో రీప్లే చూస్తాం. అప్పుడు ఊళ్ళో రేడియో చుట్టూ కూర్చున్నవాళ్ళకి ఆ గొంతే కన్ను. మన కోడ్ లో తప్పొస్తే రోల్‌బ్యాక్ చేస్తాం, ఆయనకి ఆ సౌకర్యం లేదు. నోరు జారితే జారినట్టే.

1985లో పద్మశ్రీ, 2008లో పద్మభూషణ్ వచ్చాయి. 2018 సెప్టెంబరు 25న పోయారు. ఆ వార్త చూసి నేను స్క్రోల్ చేసేశాను. రాత్రి నాన్న ఫోన్ చేసి "మన జస్‌దేవ్ పోయాడ్రా" అన్నారు.

ఎన్నడూ చూడని మనిషి 'మన' ఎలా అయ్యాడో మీ ఇంట్లో పెద్దవాళ్ళని కూడా ఒకసారి అడిగి చూడండి.