వస్త్రములపై మొర, మొరలో నవ్వు

కోపము వచ్చినపుడు తిట్టుట యెల్లరకును తెలిసిన విద్యయే. కోపము వచ్చినపుడు నవ్వించుట మాత్రము కొలదిమందికే యలవడిన విద్య. కొన్న వస్త్రము చినిగినను, పొట్టియైనను, రంగు దిగినను ఆ సంగతి అమ్మినవారికి తెలియజేయుట న్యాయమే. కాని యెట్లు తెలియజేయవలెను? ఈ ప్రశ్నతో మేము చరిత్రలోనికి కొంతదూరము పోయి చూచితిమి. రమారమి 4000 సంవత్సరములనుండి మనుష్యులు వస్త్రములనుగూర్చి మొరపెట్టుకొనుచు జాబులు వ్రాయుచునే యున్నారు. వానిలో కొన్ని నేటికిని నవ్వు పుట్టించును; కొన్ని యాలోచన పుట్టించును.

నేటి తుర్కీ దేశమున కైసేరి పట్టణమునకు సమీపమున కుల్తేపే యను దిబ్బ కలదు. పూర్వకాలమున దానికి కనేష్ అని పేరు. క్రీ. పూ. 19వ శతాబ్దమున అస్సూరు నగరపు వర్తకులు గాడిదలపై తగరమును, ఉన్నివస్త్రములను వేసికొని, రమారమి 1000 కిలోమీటర్ల దూరము నడచి యచ్చట వ్యాపారము చేయుచుండిరి. వారు మట్టిపలకలపై వ్రాసికొనిన జాబులు, లెక్కలు 20,000కు పైగా దొరకినవి. వానిలో పుజుర్-అస్సూరను వర్తకుడు వక్కుర్తు మను స్త్రీకి వ్రాసిన జాబొకటి మిక్కిలి ప్రసిద్ధము. నీవు పంపిన పలుచని బట్ట వంటివే మరల నేయుము. ఒక్కొక్కదానికి మినా తూకము, అనగా రమారమి అరకిలో, ఉన్ని యెక్కువ వేయుము. ఒకవైపు దువ్వవలెను గాని నూగు కత్తిరింపవలదు. నిడివి 9 మూరలు, వెడల్పు 8 మూరలు ఉండవలెను అని యతడు వ్రాసెను. నేటి బట్టల దుకాణమునకు పంపదగిన జాబే యిది. తిట్టు లేదు, కొలత యున్నది.

ఆ కాలపు జాబులలో మాకు మిక్కిలి నచ్చినది కొన్నవాని జాబు కాదు, నేసిన యామె జాబు. లమస్సీ యను గృహిణి అస్సూరులో నుండి, ఇంటి స్త్రీలతో వస్త్రములు నేయించి, కనేషులోనున్న తన భర్తయగు పూషు-కేనుకు పంపుచుండెను. బట్టలు చిన్నవిగా నున్నవి, బాగుగ లేవు అని యాయన వ్రాసెను. దానికామె, పరిమాణము తగ్గింపుమని వ్రాసినది మీరే కదా యని యడిగి, ఇప్పుడు బట్ట యొక్కింటికి అర మినా ఉన్ని యెక్కువ వేయుమనుచున్నారు, అట్లే చేసితిని అని ముగించెను. ఇందులో పరుష వాక్య మొక్కటియు లేదు. అయినను, ఆ జాబందినపుడు ఆ వర్తకుని మొగమెట్లుండెనో చదువరులే యూహించుకొనవచ్చును. మొర చెప్పుకొనుటకు కొన్నవానికెంత హక్కు కలదో, బదులు చెప్పుటకు చేసినవారికి నంత హక్కు కలదని యామె జాబు మనకు నేర్పుచున్నది.

హమ్మురాబి కాలమునాటి బాబిలోనియా జాబొకటి కలదు. ఇంటికి దూరముగా నుండి చదువుకొనుచుండిన ఇద్దిన్-సీనను కుర్రవాడు తన తల్లియగు జీనూకు దానిని వ్రాసెను. ఇచ్చటి పెద్దింటి పిల్లల యుడుపులు ఏటేట మెరుగగుచుండగా, నావి మాత్రము నీవు ఏటేట దిగనాడుచున్నావు. మనయింట ఉన్నికి కొరత లేదు. నాన్నగారి క్రింద పనిచేయు నతని కుమారునకు రెండు క్రొత్త జతలు కలవు. వానిని తల్లి పెంచుకొన్నదే కాని కనలేదు, అయినను వానిని ప్రేమించుచున్నది. నన్ను కన్న నీవు నన్ను ప్రేమింపవు అని వాని మొర. ఉడుపులతో మొదలిడి మాతృప్రేమవరకు వచ్చిన యీ వాదమును చదివి నవ్వని తల్లి యుండునా? తాను నవ్వించుచున్నట్లు వానికి తెలిసియుండదు. బిడ్డలకు ప్రతియేట క్రొత్త చొక్కా కొనవలసిన మన గృహిణులకు ఈ జాబు పాతదిగా తోచదు.

ఇట్టి మొరలు మన తెలుగుదేశమును గూడ తాకినవి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున తమ స్థావరమును నెలకొల్పి, అద్దకపు బట్టలను, తెల్లని గుడ్డలను తమ దేశమునకు పంపిరి. నేత పలుచనైనదనియు, కొలత తగ్గినదనియు, రంగు సరిగా లేదనియు లండను డైరెక్టర్లు జాబులు వ్రాయుచుండిరి. ఆ జాబులు సముద్రము దాటి యుద్యోగులకు చేరును. ఉద్యోగులు దళారులను గద్దింతురు. దళారులు సాలెలపై పడుదురు. గుడ్డను తరగతులుగా విభజించి, నచ్చనిదానిని త్రోసివేయుట కంపెనీ వాడుక. బయానా తీసికొనిన సాలె తన గుడ్డను మరొకరికి అమ్ముకొనరాదు. లమస్సీవలె, కొలత మార్చినది మీరే కదా యని యడుగుటకు వానికి చోటెక్కడిది? 18వ శతాబ్దాంతమున ఉత్తర సర్కారులలోని నేతవారు పని మాని గుంపులుగా కూడి మొరపెట్టుకొనిరి. బదులు వినని మొర న్యాయము కాదు, అధికారము. ఈ భేదమును మనము మరువరాదు.

ఇక నవీనకాలము. అమెరికా దేశపు నెవడా రాష్ట్రములో రీనో పట్టణమున జేకబ్ డేవిస్ అను దర్జీ యుండెను. తన భర్త పంట్లాములు త్వరలో చినిగిపోవుచున్నవని యొక స్త్రీ చెప్పుకొనగా, అతడు జేబుల మూలలయందు రాగి రివెట్లు బిగించి యిచ్చెను. ఆ పంట్లాములకు గిరాకి పెరిగెను. 1872లో నతడు తనకు గుడ్డ యమ్ము లీవై స్ట్రాస్ కంపెనీకి జాబు వ్రాయించెను. దానినిండ అక్షరదోషములే. అయినను కంపెనీవారు దోషములను చూడక విషయమును చూచిరి. 1873 మే 20వ తేదీన వారిరువురకు పేటెంటు లభించెను. నేడు లోకమంతట తొడుగుకొనుచున్న జీన్సుకు పుట్టుక యిదియే. ఒక గృహిణి మొరనుండియు, తప్పులతడకయైన యొక జాబునుండియు నింత వ్యాపారము పుట్టినది. జాబు వ్రాయుటకు పాండిత్యము కావలెనని వెనుదీయువారు దీనిని తలచుకొనవలెను.

ఆ కంపెనీకే 1920లో అరిజోనా గనిపనివాడొకడు తన పంట్లామును తిరిగి పంపి, ఇది మునుపటివలె మన్నలేదని ఫిర్యాదు చేసెను. అతడు దానిని 1917లో కొని, ఆదివారములు తప్ప మిగిలిన దినములన్నిట మూడు సంవత్సరములు గనిలో తొడిగియుండెను. పంట్లామునిండ అతడు కుట్టుకొనిన మాసికలే. ఎంత కష్టపెట్టినను మన్నిన వస్త్రమునకు ఇంతకంటె గొప్ప యోగ్యతాపత్ర మేమి కావలెను? కంపెనీవారు ఆ పంట్లామును నేటివరకు భద్రపరచిరి.

1964 ఆగస్టు 9వ తేదీన అమెరికా అధ్యక్షుడగు లిండన్ జాన్సన్ టెక్సస్‌లోని హాగర్ కంపెనీ యధిపతితో టెలిఫోనులో మాటలాడి ఆరు పంట్లాములు కావలెనని కోరెను. ఆ మాటలు టేపుపై నిలిచినవి. మీరు కుట్టినవే నాకు మిక్కిలి సరిపోయినవని మొదట మెచ్చుకొనెను. పిమ్మట, కూర్చుండిన డబ్బు, చాకు జారిపోవుచున్నవి గనుక జేబులు అంగుళము లోతు చేయుడనియు, తన బరువు పది పదునైదు పౌండ్లు పెరుగుచు తగ్గుచుండును గనుక నడుమున గుడ్డ మిగుల్చుడనియు చెప్పెను. కాళ్లు కలియుచోట బిగుతు ముండ్లకంచెపై స్వారిచేసినట్లున్నదని కూడ చెప్పెను. అంతటి యధికారి ఆజ్ఞాపింపవచ్చును. అయినను తన దేహమును దానే పరిహసించుకొనెను. కుట్టువానిని పరిహసింపలేదు.

ఈ కథలన్నిటిని కూడి చూడగా మాకు తోచున దిది. మంచి మొరకు నాలుగు లక్షణములు కలవు: కొలత చెప్పవలెను, మంచిని ముందుగ మెచ్చుకొనవలెను, నవ్వు తనపై గాని, వస్త్రముపై గాని పడవలెను గాని, కుట్టినవానిపై పడరాదు, బదులు వినుటకు సిద్ధముగా నుండవలెను. మన దేశమున 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దాని స్థానమున 2019లో మరియొక చట్టము వచ్చినది. చట్టము కడపటి యాయుధము. దానికి ముందు ఒక చక్కని జాబునకు చోటు కలదు. ఆ జాబు చదువువాడు కంపెనీ యధిపతి కాక, నెలజీతముపై కూర్చుండిన గుమాస్తా కావచ్చును. దాని ఫలమును పొందువారు, ఎచ్చటనో కుట్టుమిషను ముందర కూర్చుండిన స్త్రీలు కావచ్చును. తిట్టిన జాబు చివరకు వారి కూలిలో కోతగా దిగవచ్చును. కొలత చెప్పి నవ్వించిన జాబు వారి పనికి దారి చూపవచ్చును. చదువరులు చినిగిన చొక్కాకు జాబు వ్రాయ గూర్చుండునపుడు అవతల లమస్సీ యున్నదని తలచి వ్రాయుదురు గాక.