కట్టెపేళ్ళు

మా నాయన చేతిలో గొడ్డలి వుండేది గానీ మా ఇంట్లో కట్టె వుండేది కాదు. ఊళ్ళో సగం ఇళ్ళ పొయ్యిల్లోకి కట్టెలు చీల్చి పెట్టిన మనిషి ఇంట్లో పొద్దుగూకితే మా అమ్మ పుల్లల కోసం కాలవగట్టు పట్టుకుని తిరిగేది. ఈ సంగతి ఎవరి చరిత్రలోనూ రాయరు. రాజులు ఏమి తిన్నారో రాస్తారు. ఆ అన్నం ఏ కట్టెమీద ఉడికింది, ఆ కట్టె ఎవరు కొట్టారు అని అడగరు. అందుకని నేనే రాస్తున్నా.

మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం. అందరూ బుచ్చి అంటారు. మేముండేది మాదిగపాళెం. కాగితాల్లో మాత్రం అరుంధతివాడ. పేరు మారింది గానీ ఊరికీ మాకూ మధ్య వున్న కాలవ అట్టాగే వుంది. సంగం ఆనకట్ట నుంచి వచ్చే పెన్న నీళ్ళు కనిగిరి రిజర్వాయరులో నిలిచి ఈ చుట్టుపక్కల వేల ఎకరాలు తడుపుతాయి. మొలగొలుకులు పండిన నేల ఇది. బయటివాళ్ళు వచ్చి చూస్తే కంటికి ఆనినంత దూరం పచ్చగా వుంటుంది. ఆ పచ్చదనంలోనే మా కష్టం వుంది. మడి అయిన చోట అడవి వుండదు, బీడు వుండదు. గట్టుమీద తాడిచెట్టు ఆసామిది. కాలవగట్టు మీద తుమ్మచెట్టు గవర్మెంటుది. గడ్డి ఆసామి ఎద్దులది. పేడ ఆసామి దిబ్బది. సెంటు భూమి లేనివాడికి అన్నం మెతుకు ఎంత కరువో, దాన్ని ఉడికించే పుల్ల కూడా అంత కరువు. నూకలు అప్పు పుట్టేవి. కట్టె అప్పు పుట్టేది కాదు.

మా నాయన ఒక ఆసామి దగ్గర ఏడాది జీతానికి వుండేవాడు. సేద్యం పనులు అయిపోయిన ఎండాకాలంలో కట్టెల పని మొదలయ్యేది. బండ్ల మీద చింతమొద్దులు, తుమ్మమొద్దులు వచ్చి దొడ్లో పడేవి. మాకు పెద్దవాన కార్తీకంలో. అప్పటికి కట్టె చీల్చి, ఎండబెట్టి, కొట్టంలో పేర్చేసి వుండాలి. రోహిణికార్తె ఎండలో చీల్చిన కట్టె కార్తీకంలో పొగ లేకుండా మండుతుంది. పచ్చికట్టె పొయ్యిలో పెడితే నీళ్ళు కక్కుతుంది, ఇల్లంతా పొగ చేస్తుంది.

తుమ్మ నిలువునా చీలుతుంది, నిప్పు గట్టిగా నిలుస్తుంది. చింత అట్టా కాదు. లోపల మెలి తిరిగి వుంటుంది. గొడ్డలి దిగితే మళ్ళీ వూడి రాదు. నాయన మొద్దు చుట్టూ ఒకసారి తిరిగి నెర్రె ఎక్కడుందో చూసేవాడు. ఆ నెర్రెలో ఇనుప మేకు పెట్టి సమ్మెటతో కొట్టేవాడు. 'దెబ్బ బలంతో కాదబ్బయా, నెర్రె తెలిసి కొట్టాల' అనేవాడు. బళ్ళో పదేళ్ళు చదివినా నాకు అంతకన్నా మంచి పాఠం ఎవరూ చెప్పలేదు.

ఈ పనికి వేరే కూలి లేదు. జీతగాడు చెయ్యాల్సిందే. మధ్యాన్నం ఆకులో ఇంత కూడు పెట్టేవాళ్ళు. సాయంత్రం గొడ్డలి దెబ్బకు లేచిన పేళ్ళు, బెరడు మాకు. ఆచారం అది. మా అమ్మ గోనెసంచి తెచ్చి అవి ఏరుకుని పోయేది. మేము ముట్టుకుంటే వాళ్ళ కుండ మైలపడేది. మేము చీల్చిన కట్టె మాత్రం నేరుగా వంటింట్లోకి పోయేది. నిప్పు అన్నింటినీ కడుగుతుందంట. మరి నిప్పుకి అంత శక్తి వుంటే మమ్మల్ని ఎందుకు కడగలేదో!

1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. అప్పు కింద చేసేదే కాదు, పుట్టిన కులం వల్ల, ఆచారం వల్ల చేసే చాకిరీ వెట్టేనని అందులో రాసి వుంది. నేను కాలేజీకి పోయినాక చదివాను. మా పాళెంలో దాన్ని ఎవరూ చదివి వినిపించలేదు.

నేను ఆరో తరగతిలో వున్న ఏడు ఆ పేళ్ళ దగ్గరే గొడవ వచ్చింది. అమ్మ సంచిలోకి ఎత్తుతుంటే ఆసామి భార్య అరుగు దిగి వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టలేదు, కాలితో తోసింది. పేళ్ళు కింద పడ్డాయి.

'ఏందిరా, పేళ్ళు ఇంతింత లావు లేస్తుండాయి? మొద్దు చీలుస్తుండావా, మీ ఇంటికి కట్టెలు చేసుకుంటుండావా?' అనింది నాయన్ని చూసి.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గొడ్డలి కింద పెట్టి, సంచి అందుకుని, తలకిందులు చేసి మొత్తం దులిపేశాడు. 'మీ కట్టె మీరే పెట్టుకోండమ్మా. రేపట్నించి చీల్చినందుకు రూపాయలియ్యండి' అన్నాడు. మా నాయన ఆ అరుగు ముందర డబ్బు మాట ఎత్తడం అదే మొదలు. వాళ్ళు రూపాయలివ్వలేదు. నాయన ఆ మర్నాటి నుంచి కట్టె కొట్టలేదు. ఆ ఏడు జీతంలో నాలుగు పుట్ల మాట రెండు పుట్లకి దిగింది.

ఆ కార్తీకంలో ముసురు పట్టింది. వారం రోజులు సూర్యుడు లేడు. మా జిల్లాలో ఇల్లు వేడి చేసుకునే చలి వుండదని చదువుకున్నవాళ్ళు అంటారు. తాటాకు గుడిసెలో, నేల చెమ్మగిల్లి, కట్టుకున్న గుడ్డ తడిసి వున్నవాళ్ళని అడగాలి. మాకు మూడు రాళ్ళ పొయ్యే వంటిల్లు, అదే చలిమంట. చంటిబిడ్డని ఆ పక్కనే పడుకోబెట్టేది. ఆ వారం పొయ్యిలోకి ఏమీ లేదు. మిల్లు నుంచి తెచ్చిన ఊక తడిసిపోయింది. అమ్మ చూసి చూసి నులకమంచం పట్టెలు విరిచింది. ఆ మంచం ఆమె పుట్టింటి నుంచి వచ్చింది. ఆ మంటమీద గంజి కాగింది, చెల్లెలు వెచ్చబడింది. అమ్మ నాయనతో రెండురోజులు మాట్లాడలేదు. 'నీ రోషం నా పొయ్యిలో మండదు' అనింది ఒక్కసారే.

నేను చాలా కాలం ఈ కథని ఆత్మగౌరవం కథగానే చెప్పుకున్నాను. మీటింగుల్లో కూడా చెప్పాను. నాయన పోయినాక ఒకరోజు అమ్మ చెప్పింది: 'పేళ్ళు లావుగా కొట్టమని నేనే చెప్పినా నాయనా. ఆయన వద్దనేవాడు. బిడ్డకి నీళ్ళు కాగడంల్యా అని నేనే పోరినా.' అంటే ఆమె అన్నమాట నిజం. పేళ్ళు లావుగానే లేచాయి.

ఈ నిజం దాచాలని నాకు ఒకప్పుడు అనిపించింది. ఇప్పుడు దాచను. దొంగతనం ఏది అనేదే చరిత్రలో అసలు ప్రశ్న.

ఒకప్పుడు మా జిల్లాలో వున్న చోటే చూడండి. మద్రాసు పట్నానికి వంటచెరకు కావాలని 1835లో గవర్మెంటు శ్రీహరికోట దీవిని తీసుకుంది. ఆ అడవిలో తరతరాలుగా బతుకుతున్న యానాదులకి, అడవిలో దొరికేది ఏరి సర్కారు డిపోకి తెచ్చే పని పెట్టింది. బకింగ్‌హాం కాలవ మీద పడవల్లో నెల్లూరు కట్టె మద్రాసుకి పోయింది. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చింది. రిజర్వు అని గీత గీసిన చోట అంతకు ముందురోజు దాకా పుల్ల ఏరుకున్న ఆడమనిషి మర్నాడు నేరస్తురాలయింది. చెట్లు కదల్లేదు, ఆమె కదల్లేదు. చట్టం వచ్చి మధ్యలో నిలబడింది. ఆ శ్రీహరికోట మీదే రాకెట్టు కేంద్రం వచ్చింది. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. యానాదులు అక్కణ్ణించి ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

దీవి మొత్తం తీసుకున్నవాడిది పరిపాలన. బండెడు మొద్దులు ఊరికే చీల్పించుకున్నవాడిది ఆచారం. బిడ్డకి నీళ్ళు కాచడానికి పేడు రెండు వేళ్ళు లావుగా లేపితే అది దొంగతనం! మా అమ్మ దొంగ అయితే మా నాయన చేసిన చాకిరీకి లెక్క ఎవరు కడతారు?

మా పాళేనికి చివరికి కట్టె ఇచ్చింది ఎవరంటే సర్కారు తుమ్మ. 1877లో కడప జిల్లాకి పరాయి దేశపు విత్తనంగా వచ్చిన చెట్టు అది. ఎవరూ కావాలనుకోని చోట మొలిచింది, ఎవరికీ పనికిరాదన్నారు. అందుకే మా దాకా వచ్చింది. దాని ముళ్ళు దిగి చీము పట్టని అరికాలు మా ఆడవాళ్ళలో లేదు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చాయి. మా పాళెంలోనూ గ్యాసు వుంది. మంచిదే. పొగకి అమ్మ కళ్ళు ఎప్పుడో మసకబారాయి, దగ్గు పోలేదు. ఇంకొక తల్లికి అది రాకూడదు. కానీ సిలిండరు అయిపోయి చేతిలో డబ్బు లేని రోజున మళ్ళీ ఆ మూడు రాళ్ళ దగ్గరికే పోతారు. పొయ్యి మారింది గానీ నేల మారలేదు. మాకు సెంటు మడి ఇంకా లేదు.

మా నాయన గొడ్డలి నా దగ్గరుంది. పిడి రెండుసార్లు మార్చాను. కారంచేడులో, చుండూరులో మనవాళ్ళ మీదకు లేచిన గొడ్డళ్ళ గురించి చదివినప్పుడల్లా దీన్ని తీసి చూస్తాను. ఇది ఎవరి మీదకూ లేవలేదు. ఒకరోజు మాత్రం ఒక దొడ్లో, మొద్దు సగం చీలి వుండగా, కిందికి దిగింది. చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ దించడాన్ని కూడా చరిత్రలో రాయాలి. దాని పక్కనే, మా అమ్మ విరిచిన మంచంపట్టెల్ని కూడా రాయాలి.