తిరువయ్యారు పందిరి క్రింద

పుష్య బహుళ పంచమి నాటి ఉదయమున, తిరువయ్యారులో కావేరి యొడ్డున వేసిన విశాలమగు పందిరి క్రింద ఒక ప్రక్క పురుషులును మరియొక ప్రక్క స్త్రీలును వరుసలు తీరి కూర్చుండి, నాట రాగముతో మొదలై శ్రీరాగముతో ముగియు త్యాగరాజస్వామి పంచరత్న కృతులను ఏకకంఠముగా పాడుచుండగా విన్నవారెవ్వరును, ఇది స్వామి శిష్యుల కాలమునుండియు అవిచ్ఛిన్నముగా వచ్చుచున్న ఆచారమని భావింపక మానరు. కాని ఈ సామూహిక గానమునకు ఇంకను నూరేండ్లు నిండలేదు. 1847 జనవరి 6వ తేదీన స్వామి సిద్ధిపొందిన పిమ్మట తొంబది సంవత్సరములకు పైగా ఆ సమాధి చెంత నిట్టి గానము జరిగియుండలేదు. స్వామియందు భక్తి గలవారు ఆ కాలమున కొల్లలుగా నుండిరి. వారందరును ఒక్కచోట కూర్చుండుటయే దుర్లభమై యుండెను.

దేహయాత్ర ముగియుటకు కొలది దినములకు పూర్వము స్వామి సన్న్యాసము స్వీకరించియుండుటచే, యతులకు తగిన విధమున ఆయన పార్థివ దేహమును నదీతీరమున సమాధి చేసి, దానిపై నొక చిన్న బృందావనమును నిర్మించిరి. శిష్యులు తమతమ యూళ్లకు చెదరిపోయి, పుణ్యతిథియగు పుష్య బహుళ పంచమిని ఎవరి యింట వారు జరుపుకొనుచుండిరి. కాలక్రమమున బృందావనము శిథిలమై పొదలు పెరిగిపోయెను. 1903లో స్వామి శిష్యులైన ఉమయాళ్పురము కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వృద్ధాప్యమున అచ్చటికి వచ్చి, గురుసమాధి దుస్థితిని చూచి జీర్ణోద్ధరణము గావించిరి. అటుపై కొన్ని యేండ్లకు తిల్లస్థానము సోదరులు, నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ అనువారు, ఆరాధనను ఉత్సవముగా నడుప నారంభించిరి. వారి నడుమ అనతికాలముననే భేదములు పుట్టి, ఉత్సవము 'పెరియ కట్చి', 'చిన్న కట్చి' యను రెండు పక్షములుగా చీలెను. చిన్న కట్చివారు పంచమికి ముందు అయిదు దినములు జరిపి ఆ నాటితో ముగింతురు. పెరియ కట్చివారు ఆ నాడు మొదలిడి తరువాతి దినములు జరుపుదురు. ఒకే స్వామి, ఒకే తిథి, ఒకే యేటి యొడ్డు. పందిళ్లు మాత్రము రెండు. విద్వాంసులును ఏదో యొక పక్షమునకు చెందవలసిన వారైరి. ఈ రెండు పక్షములకును ఏకాభిప్రాయము కుదిరిన విషయ మొక్కటి గలదు: సమాధి సన్నిధిని స్త్రీలు పాడరాదనుట.

ఇచ్చట బెంగుళూరు నాగరత్నమ్మగారిని గూర్చి నిలిచి చెప్పవలెను. మైసూరు సంస్థానమందలి నంజనగూడులో 1878లో దేవదాసీ కుటుంబమున జన్మించిన ఈమె, కన్నడ, సంస్కృత, తెలుగు భాషలందు పరిచయము గలదియై, మద్రాసున గాయనిగా గొప్ప పేరును ధనమును గడించెను. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి 1910లో వావిళ్లవారి ద్వారా వెలువరించినదియు ఈమెయే. ఆ పుస్తకమును ప్రభుత్వము నిషేధించినను ఈమె వెనుదీయలేదు. తన గురువగు బిడారము కృష్ణప్పగారు స్వామి సమాధి దీనస్థితిని వర్ణించుచు వ్రాసిన లేఖ చేరినంతనే, దానిని తన బాధ్యతగా స్వీకరించి, అక్కడి భూమిని సంపాదించి, తన నగలను ధనమును వెచ్చించి, 1921లో ఆలయ నిర్మాణమునకు శంకుస్థాపనయు పిదప కుంభాభిషేకమును జరిపించెను. నేడు మనము చూచుచున్న సమాధి మందిరము ఆమె కట్టించినది. ఆ మందిరము ముంగిటనే ఆమెకు పాడుట కనుమతి లేకపోయెను! అంతట ఆమె అలిగి మద్రాసునకు తిరిగిపోక, మందిరము వెనుక భాగమున స్త్రీలను సమకూర్చి మూడవ పందిరి వేయించి, వారిచేత పాటలును హరికథలును నడిపించెను. దీనిని జనులు స్త్రీల కట్చి యనిరి. నా దృష్టిలో, తిరువయ్యారు చరిత్రమున ఇంతకంటె ఉదాత్తమైన ఘట్టము లేదు.

1940 ప్రాంతమున ఐ.సి.యస్. ఉద్యోగియు సంగీత రసికుడును అగు ఎస్. వై. కృష్ణస్వామిగారు, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ మొదలగు విద్వాంసులు పూనుకొని పక్షములన్నిటిని ఏకము గావింపగా, స్త్రీలకును స్థానము లభించెను. అందరు కలిసి పాడుట కేవి తగునను ప్రశ్న వచ్చినపుడు పంచరత్నములు ఎన్నిక యగుట ఎంతయు సముచితము. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ యను ఘనరాగములలోని ఈ అయిదు కృతులును ఆదితాళమునందే నడచును. వీని చరణములందు స్వరమునకు సాహిత్యము స్వామియే కూర్చియుంచుటచేత, గాయకుడు తన కల్పనను ప్రదర్శించి పక్కవానిని మించుట కవకాశ మల్పము. కచేరీలో వేలమందిని ముగ్ధులను గావించు మహావిద్వాంసుడును, నిన్న మొన్న వర్ణము ముగించిన బాలికయు ఇచ్చట ఒకే సంగతిని ఒకే కాలప్రమాణమున పాడవలసినదే. చీలికలతో నలిగిన యుత్సవమునకు ఇంతకంటె మంచి మందు దొరకదు.

మిత్రబృందముతో కలిసి అచ్చటికి వెళ్లిన వారికి ఈ సమత్వము మరింత స్పష్టముగా బోధపడును. తంజావూరునుండి సుమారు 13 కిలోమీటర్ల దూరమును కిక్కిరిసిన బస్సులో నిలుచుండి ప్రయాణము చేయునప్పుడే పాట ఆరంభమగును. ఒకరు వరాళి చరణమందు తడబడగా మరియొకరు అందింతురు. నా వెంట వచ్చిన వారిలో నొకరు తెలుగు పండితులు, శ్రుతి నిలువదు. మరియొకరు తమిళ మిత్రులు, చిన్ననాటినుండి అభ్యసించిన గాయకులు, తెలుగు సాహిత్యమును తమిళ లిపిలో వ్రాసికొన్న నోటుపుస్తకము చేతనుంచుకొన్నవారు. రాత్రి బసలో పండితుడు పదవిభాగము చెప్పగా గాయకుడు సంగతులు దిద్దుచు కూర్చుండిరి. ఎంత ప్రొద్దుపోయెనో ఎవరికిని తెలియలేదు. మాట తెలిసినవారికి పాటయు, పాట తెలిసినవారికి మాటయు ఇట్లు ఇచ్చిపుచ్చుకొనుటను చూచిన పిదప, త్యాగరాజస్వామి తెలుగువారి సొత్తా, తమిళుల సొత్తా యను వాదము నాకు మిక్కిలి చిన్నదిగా తోచినది. తెలుగు మాతృభాషగా గల కుటుంబమున తిరువారూరులో పుట్టి, కావేరీ తీరమున జీవించి, తెలుగున పాడిన మహనీయుని కృతులను తెలుగు రాని వేలమంది కంఠస్థము చేసి కాపాడినారు. ఆ ఋణమును మనము హృదయపూర్వకముగా నంగీకరింపవలెను.

మరునాడు పందిరి క్రింద మేము ముగ్గురమును ప్రక్కప్రక్కనే కూర్చుంటిమి. వయొలిన్లు, మృదంగములు ఒక్కమారుగా లేచి నాట ఆరంభమైనపుడు, ఇంటియొద్ద ఒంటరిగా పాడుకొనుటకు సైతము సంకోచించు పండితమిత్రుడు గొంతెత్తి పాడసాగెను. ఆయన శ్రుతి తప్పినచో దానిని వేయి గొంతులు సవరించుచుండెను. కచేరీలో శ్రోత వేరు, గాయకుడు వేరు. ఇచ్చట ఆ గీత చెరిగిపోవును. ఆనందము పంచుకొన్నకొలది పెరుగునని పెద్దలందురు గాని, ఆ పెరుగుట నాకు చెవికి వినబడినది ఆనాడే. పిమ్మట దినమంతయు ప్రసిద్ధులును అప్రసిద్ధులును ఒకరి తరువాత ఒకరు వచ్చి, పారితోషికము గోరక, తమకు దొరికిన కొద్ది నిమిషములలో ఒకటి రెండు కృతులు పాడి స్వామికి సమర్పించి పోవుచుందురు.

తెలుగునాట స్వామి గానమునకు పునాదులు లేకపోలేదు. స్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి శిష్యులు విజయవాడలో ఎందరికో విద్యాదానము చేసిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఈ పరంపర కావేరిని కృష్ణతో కలిపినది. ఇక ఉత్సవ మన్ననో, సముద్రమును సైతము దాటి అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 1978 నుండి ఏటేట ఆరాధన జరుగుచున్నది.

నాగరత్నమ్మగారు 1952లో పరమపదించిరి. తన యాస్తిని స్వామి సేవకే వ్రాసి, ఆ సన్నిధిని స్త్రీలు పూజించుటకును పాడుటకును అడ్డు ఉండరాదని నిబంధన చేసి పోయిరి. ఆమె సమాధియు స్వామి సమాధికి సమీపముననే గలదు. అచ్చట ఆమె విగ్రహము స్వామివైపు చేతులు జోడించి యున్నది. రాబోవు పుష్య బహుళ పంచమికి మీరును మిత్రులును కూడి తిరువయ్యారు వెళ్లుదురేని, బయలుదేరుటకు ముందు కొన్ని వారములు ఒకరి యింట చేరి నాట కృతినైనను నేర్చుకొని వెళ్లుడు. పాడి లేచిన పిమ్మట జనసమ్మర్దములో మరువక ఆ తల్లి సన్నిధికి కూడ పోయి నమస్కరించి రండు.